ఓనర్ అని రాశాను

2015లో నేను మస్కట్‌లో, ఘుబ్రాలోని ఒక క్లినిక్‌లో నర్సుని. శుక్రవారం చర్చి అయ్యాక ఆఫ్రికావాళ్ళు నడిపే చిన్న హోటళ్ళలో తిని, ఆ ఫొటోలు నా ఫేస్‌బుక్ పేజీలో పెట్టేదాన్ని. నల్లవాళ్ళ హోటలంటే మనవాళ్ళు మొహం చిట్లిస్తారని నాకు మంట. పేజీకి పేరొచ్చింది. మాల్‌లో ఎవరైనా "హోటళ్ళ సిస్టర్ మీరే కదండీ?" అంటే పొంగిపోయేదాన్ని.

మబేలాలో ఇథియోపియా ఆవిడ అల్మాజ్ హోటలుండేది. ఏళ్ళ తరబడి ఇళ్ళలో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో పెట్టుకుంది. పుల్లటి దోసెలాంటి ఇంజెరా, ఎర్రటి కోడికూర అక్కడ బ్రహ్మాండంగా ఉండేవి. ఆమె ఫొటో పెట్టి, కింద "ఈ హోటలు ఓనర్" అని గొప్పగా రాశాను. ఇలాంటి హోటళ్ళకు లైసెన్సు బయటిదేశం వాళ్ళకివ్వరని, అది ఎవరో ఒక ఒమానీ అర్బాబు, అంటే స్పాన్సరు, పేరున ఉంటుందని నాకు తెలుసు. ఆ క్షణంలో తట్టలేదు.

మరుసటి శుక్రవారం నేను తింటుండగా ఆ హోటలు అర్బాబు ఫోన్ పట్టుకుని వచ్చాడు. తెరమీద నా పోస్టే.

"ఓనర్ కౌన్ హై?" అని గద్దించాడు.

అల్మాజ్ తలెత్తలేదు. "మీరే అర్బాబ్. నేను వంటమనిషిని," అంది వచ్చీరాని హిందీలో.

ఆయన నావైపు తిరిగాడు. "తుమ్ బోలో, సిస్టర్."

చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాను. "మీరేనండీ ఓనర్," అన్నాను.

పైవారం వంటింట్లో వేరే ఆవిడ ఉంది. అల్మాజ్ ఫోన్ మళ్ళీ కలవలేదు.

బోర్డు మీద తన పేరెందుకు పెట్టుకోలేదో ఆమెను ఒక్కసారీ అడగలేదు. నా పేజీ మీద మాత్రం నా పేరు పెద్దక్షరాల్లో ఉండేది.