తెనాలి తొమ్మిదింబావు

ఆ రోజుల్లో నాకు భయమే లేదని కాదు, భయానికి భౌతికశాస్త్రంలో మందుందని నమ్మేదాన్ని. సింగపూర్‌లోని సెంగ్‌కాంగ్‌లో ఇంటర్ వయసు పిల్లలకు ట్యూషన్ చెప్పేదాన్ని. ఈ క్షణాన ప్రతి కణం ఎక్కడుందో, ఎటు ఎంత వేగంతో పోతోందో తెలిస్తే రేపు జరగబోయేది ఇవాళే లెక్కగట్టవచ్చని పాత భౌతికశాస్త్రం అనుకుందనీ, క్వాంటం సిద్ధాంతం వచ్చి ఆ ధీమా పోగొట్టిందనీ గర్వంగా వివరించేదాన్ని. రేడియోధార్మిక పదార్థంలో సగం పరమాణువులు ఎప్పటికి విచ్ఛిన్నమవుతాయో చెప్పగలం, ఫలానా పరమాణువు ఎప్పుడో మాత్రం ఎవరూ చెప్పలేరు. (అప్పటికి నాకు ఏడో నెల. పరమాణువుల విషయంలో చాలా నిశ్చింతగా ఉండేదాన్ని.)

తొమ్మిదో నెలలో బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందనీ, ఆపరేషన్ తప్పదనీ తేలింది. "డోంట్ వర్రీ లా, మోస్ట్‌లీ ఓకే వన్" అంది చైనీస్ డాక్టరమ్మ, తన సింగపూర్ ఇంగ్లీషులో. ఆ 'మోస్ట్‌లీ' నా గుండెలో దిగబడిపోయింది. వందమంది తల్లుల్ని కలిపి చూస్తే అది ధైర్యమే, కానీ నా కడుపులో ఉన్నది ఒక్క బిడ్డ. ఆ వణుకులో, జాతకాలను వెక్కిరించే నేనే తెనాలిలోని అత్తయ్యగారికి ఫోన్ చేసి ముహూర్తం పెట్టించమన్నాను. (పాత భౌతికశాస్త్రానికి మిగిలిన ఆఖరి వారసుడు ఆవిడ సిద్ధాంతిగారే కదా.) ఆయన తొమ్మిదింబావు అన్నారు. డాక్టరమ్మను బతిమాలి ఆ వేళకే ఒప్పించాను.

ఆ ఉదయం ఆస్పత్రి మంచం మీద, చేతికి సూది గుచ్చాక తట్టింది: తొమ్మిదింబావు ఇక్కడిదా, అక్కడిదా? మావారు తెనాలికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టారు.

"ముహూర్తానికి ఊళ్ళేమిటమ్మాయ్, తొమ్మిదింబావంటే తొమ్మిదింబావే" అన్నారు అత్తయ్యగారు.

"అమ్మా, నీకు తొమ్మిదింబావైతే మాకు పావుతక్కువ పన్నెండు" అన్నారు మావారు.

"అయితే అప్పటిదాకా ఆపమను."

"ఆపడానికి బస్సా అమ్మా?"

నేను ఏడుపు లంకించుకున్నాను. ఈలోగా ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని డాక్టరమ్మను పిలుచుకుపోయారు. సింగపూర్ తొమ్మిదింబావు దాటిపోయింది. తెనాలిది ఇంకా రాలేదు. ఆ రెంటి మధ్య, డాక్టరమ్మ తిరిగొచ్చాక, ఎవరూ కోరుకోని ఒక వేళలో, నా పొట్టకు అడ్డంగా కట్టిన తెర అవతల నా కూతురు కెవ్వుమంది. అంతదాకా నేను చేసిన ప్రార్థనలో ఒక్క సమీకరణం కూడా లేదు.

ఇప్పుడు దానికి ఏడేళ్ళు. ఒంటరిగా లిఫ్టులో దిగుతానని మొండికేసి, "వై యూ సో స్కేర్డ్, అమ్మా?" అంటుంది. తలుపు మూసుకున్నాక, తగ్గుతున్న అంకెలనే చూస్తూ నిలబడతాను. ఆ ఒక్క గడియ గట్టెక్కితే ఇక భయపడే పనే ఉండదనుకుని, ఆ ఆస్పత్రి మంచం మీద కళ్ళు తుడుచుకున్న అమ్మాయి, అప్పటి నేను, గుర్తొచ్చి నవ్వుకుంటాను. పాపం, దానికేం తెలుసు.