లంగాలో చిక్కిన కాలు

అరవై దాటినా ఏ మగాడూ పడగొట్టలేకపోయిన నన్ను మొన్న చీర కింది లంగా పడగొట్టింది. నవ్వకండి, చెప్తాను.

ఆ రోజు మిర్యాలగూడలో మహిళల సభ. సూర్యాపేటలో పొద్దున్నే బస్సెక్కాలి. మా ఆయన సత్యం ఈ మధ్య మంచం మీద కూర్చునే ప్యాంటు తొడుక్కుంటున్నాడు. ఒంటికాలి మీద నిలబడలేని మగాళ్ళు లోకాన్నేలుతున్నారని నేను రోజూ దెప్పుతుంటాను. ఆయన ఒకటే అంటాడు: "నువ్వు గూడ కూసోని తొడుక్కో సరోజా. కాళ్లు మునుపటోలె ఆగుతలేవు మనకు."

నేను వింటే కదా! గదికి గడియ పెట్టి, నిలబడే లంగాలో కాలు పెట్టాను. బొటనవేలు అంచు కుట్టులో చిక్కుకుంది. లాగితే రాలేదు. మంచం దాకా గెంతుదామనుకున్నాను. చిన్నప్పుడు తొక్కుడుబిళ్లలో నన్ను ఓడించినవాళ్ళు లేరు మరి! ఆ వైభవమంతా రెండో గెంతుకే ముగిసింది. దబ్బున పడ్డాను.

"ఏం పడ్డది?" బయటి నుంచి సత్యం.

"సూట్‌కేసు."

అడుగులు తలుపు దాకా వచ్చాయి. "సూట్‌కేసుకు దెబ్బేమన్న తగిలిందా?"

నవ్వొచ్చింది గానీ, వెంటనే మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆమె ఇట్లాగే పడి, తొంటి విరిగి, మళ్ళీ నడవలేదు. నాకూ అంతేనా? పైగా తలుపు పగలగొడితే వీధంతా నన్ను ఈ అవతారంలో చూస్తుంది. భయం భయంగా వేళ్ళు కదిపాను. కదిలాయి. మోకాలు మడిచాను. వంగింది! తొంటి మూలిగింది గానీ విరగలేదు. పక్కకు ఒత్తిగిలి, మంచం కోడు పట్టుకుని ఎలాగో లేచాను. అంత హాయిగా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్ళయిందో. లంగా మాత్రం కూర్చునే తొడుక్కున్నాను.

గడియ తీస్తే సత్యం గుమ్మంలోనే ఉన్నాడు, చేతిలో నొప్పుల మందుతో. "సూట్‌కేసుకు రాయి," అన్నాడు.

సభలో స్త్రీల హక్కుల మీద చాలాసేపు మాట్లాడాను. సగం మంది ఆవలించారు. కుంటుతూ వేదిక దిగుతుంటే ఏమైందని అడిగారు. జరిగింది మైకులోనే చెప్పాను. హాలంతా ఒక్కసారిగా నిద్ర లేచింది! ఒకామె బాత్రూంలో పడ్డదట, ఒకామె చీర కుచ్చిళ్ళు తొక్కి మెట్ల మీద పడ్డదట. పడని ఆడది లేదు, ఇంట్లో చెప్పుకున్న ఆడదీ లేదు.

మర్నాడు కోదాడ నుంచి ఫోన్. "మేడం, మా దగ్గర గూడ మీటింగ్ పెడుతున్నం. హక్కుల సంగతి జర తగ్గించి, ఆ లంగా ముచ్చటే చెప్పున్రి."

ఒప్పుకున్నాను. మైకు మాత్రం కుర్చీ ముందు పెట్టమన్నాను.