సముద్రం ఒడ్డున భర్తీ

ఆ రోజుల్లో నేను లెక్కపెట్టని వస్తువు మా ఇంట్లో ఉండేది కాదు. కనుక ఆ ప్రయాణంలో సముద్రం మా దగ్గర తీసుకున్నదంతా ఇప్పటికీ వరుసగా చెప్పగలను: నలుగురి చెప్పులు ఎనిమిదిలో ఏడు (ఎనిమిదోది, మా బావ ఎడమకాలిది, తిరిగి ఇచ్చింది), అవ్వ తంబాకు డబ్బీ ఒకటి, బాపు తువ్వాల ఒకటి, అటుకుల స్టీలు గిన్నె ఒకటి, దాని మూత విడిగా ఒకటి, నా పదో తరగతి మెమో జిరాక్సులు తొమ్మిది. ఒక్క మెమోకు తొమ్మిది జిరాక్సులు ఎందుకంటారా? ఇంటర్ తప్పి, బాన్సువాడ మార్కెట్ యార్డులో వడ్ల తూకాల దగ్గర కూర్చుని లెక్కలు సొంతంగా నేర్చుకున్న ఇరవై ఏళ్లవాడికి నౌకరి ఎక్కడ ఎదురవుతుందో తెలియదు కదా. నాకు సముద్రం ఒడ్డున ఎదురైంది.

మహారాష్ట్ర సరిహద్దున మద్నూరులో లారీలు తిప్పే మా బావకు (అక్క భర్త) టైర్ల దుకాణంవాళ్లు లక్కీ డ్రాలో ఒక కూపన్ ఇచ్చారు. కొంకణ తీరంలో రిసార్టు, రెండు రాత్రులు, నలుగురు మనుషులు, తిండి, గది, సముద్రం అన్నీ కలిపే. అక్క చంటిపిల్లతో రాలేనంది, అమ్మ ఆమెకు తోడుగా ఉండిపోయింది. బావ, బాపు (మా నాన్న), నేను, అవ్వ బయలుదేరాం. అవ్వ అంటే మా నాయనమ్మ, అసలు ఆ ప్రయాణమే ఆమెది. కాలువ కింది మళ్లలో యాభై ఏళ్లు నాట్లేసి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. ఇద్దరు చెరో రెక్క పట్టుకుంటే గానీ కింద కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. "నేను జూసిన నీళ్లన్నిటికి అవుతల ఒక గట్టున్నది. గట్టు లేని నీళ్లల్ల ఒక్క గంట గూసుంట. గంతే, ఇంకేమడుగ" అంది. ఆ మోకాళ్లు ఇంకో ప్రయాణం చేయవని మా అందరికీ తెలుసు.

రిసార్టులో దిగగానే చేతులకు ఆకుపచ్చ ప్లాస్టిక్ పట్టీలు వేశారు. "దవాఖానల ఏసినట్టు ఏసిండ్రేంది? నాకేం రోగమొచ్చింది?" అంది అవ్వ. మా గది ఫ్యానుకు మూడు రెక్కలకు గాను రెండున్నాయి. ఈతకొలనులో నీళ్లకు బదులు రెండు మేకలున్నాయి. ఆలుగడ్డ కూర మూడు గిన్నెల్లో మూడు పేర్లతో ఉంది. ఇవన్నీ నాకు వింతగా, ముచ్చటగానే తోచాయి, ఎందుకంటే లెక్కపెట్టడానికి ఏదో ఒకటి దొరుకుతూనే ఉంది. తీరా అవ్వను రెక్కలు పట్టి కొబ్బరిచెట్ల అవతలికి నడిపించుకుపోతే, మధ్యాహ్నం మూడింటికి, అక్కడ సముద్రం లేదు. కనుచూపు మేర బురద, దాని మీద ఒరిగి పడుకున్న పడవలు ఆరు.

బాపు బురదకేసి చాలాసేపు చూశాడు. "తూము బంద్ వెట్టిండ్రు. ఇక్కడ గూడ మనలెక్కనే వంతులున్నట్టున్నయి. లస్కర్ ఎవడో జర అర్సుకోవాలె" అన్నాడు. (లస్కర్ అంటే మా కాలువ మీద తూములు తిప్పే మనిషి. అతన్ని మంచి చేసుకుంటే పొలానికి నీళ్లు ముందొస్తాయి. బాపుకు తెలిసిన నీళ్లన్నీ ఎవరో ఒకరు వదిలితే వచ్చేవే.)

లస్కర్‌ను వెతుక్కుంటూ రోడ్డు వైపున్న ఆఫీసుకు వెళితే మనుషులెవరూ లేరు గానీ, గోడకు ఒక నల్లబోర్డు ఉంది. దాని మీద సుద్దముక్కతో మరాఠీలో ఒక్క మాట, ఒక టైము. బావ కూడబలుక్కుని చదివాడు. "భర్తీ. తొమ్మిది పది." వెంటనే నా భుజం మీద చరిచాడు. "బామ్మర్దీ, నీ నసీబు దెరిసింది! భర్తీ అంటె నౌకరీలకు తీసుకునుడు. ఫౌజుల భర్తీ, పోలీసుల భర్తీ అంటరు సూడు!" అది నిజమే. తెలుగులోనూ ఖాళీలు భర్తీ చేస్తారు. బావకు మరాఠీ గడగడా వచ్చు. కాకపోతే అది మద్నూరు మరాఠీ, లారీలదీ, శనగలదీ, పత్తిదీ. మద్నూరు మరాఠీలో సముద్రం లేదు.

మర్నాడు పొద్దున తొమ్మిది పదికల్లా, నూనె రాసి దువ్విన తలతో ఆఫీసు ముందు నిలబడ్డాను. బోర్డు మీద టైము మారింది: తొమ్మిది యాభై ఎనిమిది. "సారు ఆలస్యమొస్తుండు" అన్నాడు బావ. పన్నెండు దాకా ఎవరూ రాలేదు. పన్నెండుకు మేనేజరు వచ్చి, భర్తీ కోసం వచ్చామని బావ చెప్పగా, "భర్తీ ఝాలీ. ఉద్యా యా" అని కొబ్బరిచెట్ల వైపు చెయ్యి చూపించాడు. "అయిపోయిందంట. రేపు రమ్మంటుండు. ఇక్కడ గాదు, ఒడ్డు మీద" అని బావ వివరించాడు. అవ్వను నడిపించుకుని ఒడ్డుకు చేరేసరికి నీళ్లు మళ్లీ బురద అవతలికి పోయాయి.

ఆ సాయంత్రం కూర్చుని లెక్క వేశాను. తొమ్మిది పది, తొమ్మిది యాభై ఎనిమిది. తేడా నలభై ఎనిమిది. సారు లెక్క ప్రకారం ఆలస్యం చేసే మనిషైతే రేపు పది నలభై ఆరు కావాలి. తెల్లారి బోర్డు మీద సరిగ్గా పది నలభై ఆరే ఉంది! ఏ ఆఫీసరు రోజుకు నలభై ఎనిమిది నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతాడని నేను అడగాల్సింది. అడగలేదు. లెక్క కుదిరిన సంతోషంలో ఉన్నాను.

అది మా చివరి రోజు. పదకొండుకు వ్యాను. పదింటికి ఒడ్డుకు చేరేసరికి సముద్రం వచ్చి ఉంది. అవతలి గట్టు లేకుండా, నిండుగా. "నీళ్లు ఇడిసిండ్రు!" అని బాపు అరిచాడు. ఇసుకలో ఒక ఇనుప బల్ల, నాలుగు కుర్చీలు మాత్రం రిసార్టు వైపు తిరిగి ఉన్నాయి. ఇంటర్వ్యూ అక్కడేనని ఎవరికైనా తెలుస్తుంది. అవ్వను నీళ్లలో దించాలంటే బాపూ బావా ఇద్దరూ కావాలి. మరాఠీ మాట్లాడటానికి బావ నా పక్కన కావాలి. నేనే అన్నాను: "అవ్వా, జర ఆగు. సారు అడిగేటియి చెప్పినంక దిగుదువు." అవ్వ సముద్రం వైపు ఒకసారి చూసి కుర్చీలో కూర్చుంది. "ముందు నీ నౌకరి గానియ్యి బిడ్డా. నీళ్లు ఏడికి వోతయి?"

మర్యాదకు చెప్పులు కుర్చీల కింద విడిచి, సామాను పక్కన పెట్టి, సముద్రానికి వీపు చూపించి నలుగురం వరుసగా కూర్చున్నాం. పది ముప్పై అయిదుకు మేనేజరు చెట్ల మధ్య నుంచి చేతులూపుతూ వచ్చాడు. "భర్తీ! భర్తీ!"

"పిలుస్తుండు, లెవ్వు లెవ్వు!" అన్నాడు బావ. లేచి రెండు చేతులూ జోడించి నమస్తే పెట్టాను. అతను మరింత గట్టిగా ఊపాడు. నేను మరింత వంగాను. వెనక నుంచి అవ్వ నిదానంగా అంది: "బిడ్డా, ఎవరో నా కాళ్లు గడుగుతుండ్రు."

తర్వాత పదమూడు నిమిషాలు చెప్పుల వెనకా గిన్నె వెనకా ముగ్గురం మోకాటిలోతులో పరుగెత్తాం. నా జిరాక్సులు ఒక్కొక్కటిగా అలలెక్కి ఎక్కడెక్కడో నౌకరి వెతుక్కుంటూ వెళ్లిపోయాయి. మేనేజరు నవ్వు ఆపుకుని చెప్పింది విని బావ తల పట్టుకున్నాడు. "ఓరి నీ యవ్వ! భర్తీ అంటె సముద్రం నిండుడంట రా!"

పది నలభై ఎనిమిదికి అవ్వను నీళ్లలో కూర్చోబెట్టాం. చెరో రెక్క పట్టుకుని బాపూ బావా, ఎదురుగా గడియారంతో నేను. అరచేత్తో నీళ్లు తీసుకుని నాలుకకు తాకించుకుంది. "ఉప్పగనే ఉన్నయిరా! నిజమే జెప్పిండ్రు" అంటూ చిన్నపిల్లలా నవ్వింది. పదకొండుకు వ్యాను హారన్ మోగింది.

"గంటయ్యిందా బిడ్డా?"

"లేదవ్వా. పన్నెండు నిమిషాలే."

"అయితే మిగిలింది రాసుకో."

రాసుకున్నాను. ఆ తర్వాత ఏడేళ్లు బతికింది అవ్వ. నేను తూకాల దగ్గర నుంచి ఇంటికి రాగానే, "నాకింక ఎన్ని నిమిషాలున్నయిరా?" అని అడిగేది. చెప్పేవాణ్ణి. పెద్దవాణ్ణయ్యాక తెలిసింది, సముద్రం ప్రతి రోజూ దాదాపు ఆ బోర్డు మీది తేడా అంతే ఆలస్యంగా వస్తుందట. దాని లెక్క అది మర్చిపోదు. రాని ఆఫీసరుకు వంగి వంగి నమస్తే పెట్టిన ఆ నూనె తల కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అవ్వకు మాత్రం వాడింకా నలభై ఎనిమిది నిమిషాలు బాకీ.