బీడీ మడత ఓట్లు

మా అవ్వ నాకేసిన ఓటు చెల్లలేదు. ఇన్నేళ్ళయినా ఆ మాట రాస్తుంటే ఒళ్ళు మండుతుంది.

ఎనభైలలో ఊరి సర్పంచికి నిలబడ్డాను. జగిత్యాల దిక్కు మా ఊళ్ళో ఆడవాళ్ళు ఇంటింటా బీడీలు చుట్టేవాళ్ళు. నన్ను కన్న మా అవ్వా అంతే. నాది నిచ్చెన గుర్తు, నా మీద పోటీకి దిగిన ఊరి పటేల్ తమ్ముడిది తాళం చెవి. బడిలోనే ఓట్లు లెక్కపెట్టారు. కొద్ది తేడాతో ఓడిపోయాను. పక్కన చెల్లని ఓట్ల కట్ట మాత్రం మందంగా కనిపించింది.

ఒకటి చూపించమన్నాను. నిచ్చెన మీద ముద్ర చక్కగా ఉంది. ఎదురుగా తాళం చెవి మీద అదే ముద్ర మసగ్గా, తిరగబడి అంటుకుంది. సిరా ఆరకముందే కాగితాన్ని సన్నగా మడిచి, కొసలు గోటితో నొక్కిన చేతులు ఎవరివో నాకు తెలియదా! రోజంతా ఆకు చుట్టే చేతులవి.

"రెండు గుర్తుల మీద ముద్ర ఉంది, చెల్లదు" అన్నాడు లెక్కింపు అధికారి.

"రెండుసార్లు ఎయ్యలే సారూ, మడిస్తె అంటింది. మళ్ళ లెక్కపెట్టుండ్రి" అని బడి అదిరిపోయేలా అరిచాను. ఆయన విననట్టే మూట కట్టించి లక్క వేయించాడు.

కోర్టుకెక్కాను. మా వకీలు మొదటి రోజే ఆశల మీద నీళ్ళు చల్లాడు.

"బిడ్డా, మడతకు అంటిన ముద్ర చెల్లుతదని రూలే ఉన్నది. కని ఉత్త అనుమానమున్నదంటె కోర్టు ఓట్ల మూట విప్పది. ఏ ఓట్లు, ఎందుకు చెల్లాలెనో గా దినమే రాసిచ్చినవా?"

"అరిచిన. ఊరంతా విన్నది."

"అరిస్తె కాదు, రాసియ్యాలె."

విచారణ రోజు మా అవ్వ బీడీ చాట పక్కకు నెట్టి వాడకట్టు ఆడవాళ్ళను వెంటేసుకొచ్చింది. "కొండగట్టు అంజన్న మీద ఒట్టు, నేను నా బిడ్డకే ఏసిన. జడ్జి సాబుకు చెప్త" అంది. ఓటు ఎవరికి వేశావని కోర్టు అడగదన్నాడు వకీలు.

"అడగకపోతె నేనే చెప్త! నా ఓటు నేను చెప్పుకుంటె ఎవనికేం నొప్పి?"

కేసు కొట్టేశారు. అభ్యంతరం నేను రాసివ్వలేదట, మూట విప్పితే ఓటరు గుట్టు పోతుందట. ఏం గుట్టు? గుట్టు దాచుకోవాల్సిన మనిషే కోర్టు వరండాలో గొంతు చించుకుంటుంటే!

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. "మొగోళ్ళ పని మొగోళ్ళకు ఇడువు" అని పటేల్ ఇంటి నుంచి కబురొచ్చింది. ఆ మర్నాడే నామినేషన్ వేశాను. మళ్ళీ నిచ్చెన గుర్తే వచ్చింది. సిరా ఆరాక మడవమని అవ్వకు చెప్పబోయాను.

"నా చెయ్యి గిట్లనే మడుస్తది. లెక్కపెట్టేటోనికి చెప్పు పో" అంది. నిజమే, తప్పు ఆమెది కాదు కదా.

అర్జీ ముందే రాయించి, ఆ రూలు కూడా పెట్టించి, కొంగున ముడేసుకుని లెక్కింపుకు వెళ్ళాను. మసక ముద్ర ఓటు మొదటిది పక్కన పెట్టగానే అర్జీ బల్ల మీద పరిచాను. "ముట్టినట్టు సంతకం చెయ్యుండ్రి సారూ" అన్నాను. కొత్త అధికారి చదివాడు. ఓటును మడిచి చూశాడు, విప్పి చూశాడు, నిచ్చెన కట్టలో పెట్టాడు. తర్వాత అలాంటివన్నీ అక్కడికే చేరాయి.

అయినా ఓడిపోయాను. ఇంటికెళ్ళేసరికి అవ్వ చాట ముందు కూర్చుని ఉంది. ఓడిపోయానని చెప్పాను.

"గది ఇడిసిపెట్టు. నాది లెక్కల పడ్డదా?"

"పడ్డదవ్వా."

"గట్లయితె మళ్ళ నిలబడు" అని ఇంకో ఆకు చేతిలోకి తీసుకుంది.