తినని తన్నులకు మూలుగు

సినిమాలో హీరో పదిమందిని చితక్కొడుతుంటే, గాల్లోకి లేచి కిందపడేవాళ్ల గొంతు చాలాసార్లు నాదే. ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లలో నా పని మూలగడం. కడుపులో గుద్దితే ఒక మూలుగు, వీపు మీద కర్ర విరిగితే ఒకటి, కొబ్బరిబొండాల బండి మీద పడితే ఇంకోటి. షేక్‌పేటలో మా అత్తగారిని అల్లుడేం చేస్తాడని ఎవరైనా అడిగితే, సినిమాల్లో ఉంటాడని చెప్పి మాట మార్చేస్తుంది.

ఏళ్ల తరబడి తినని తన్నులకు మూలిగి మూలిగి, ఒక్కసారైనా నిజంగా తిని చూద్దామని దురద పుట్టింది నాకు. నలభై దాటాక పుట్టే దురదలన్నీ ఇలాంటివే. జూబ్లీహిల్స్‌లో ఒక సెల్లార్లో జుజుత్సు నేర్పుతున్నారంటే వెళ్లి చేరాను. గుద్దులుండవు, కింద పడేసి పట్టు పట్టడమే. నాకు జోడీగా దొరికినవాడు టోలిచౌకిలో టైల్స్ షాపు నడుపుతాడు. నాకన్నా చిన్నవాడు, నాకు రెండింతలు ఉంటాడు. మనసు వెన్న. చేతులే సిమెంటు.

ఆ ఆటలో ముఖ్యమైన నియమం ఒకటుంది. నొప్పి పుడితే అవతలివాణ్ణి చేత్తో తట్టాలి. తట్టగానే వదిలేస్తారు. ఒకరోజు అతను నా కాళ్లు రెండూ ఎత్తి, నా తల మీదుగా మడిచి, తన బరువంతా పైన వేశాడు. నడుములో ఏదో కలుక్కుమంది. తట్టాలి కదా? తట్టలేదు. అలవాటుకొద్దీ మూలిగాను. ఇన్నేళ్ల అనుభవమంతా రంగరించి మరీ మూలిగాను.

"మస్తున్నదన్నా. గిది ఏ సినిమాకు?" అని మెచ్చుకుని, అతను ఇంకాస్త మడిచాడు.

ఇంటికొచ్చి నడుము పట్టేసిందని చెప్పాను. పట్టేసిన నడుముకి మన ఇళ్లలో వైద్యానికి కొదవేముంది? వేడినీళ్ల కాపడం, వాసనకే కళ్లు మండే నూనె, కిందటిసారి మిగిలిపోయిన మాత్రలు, అన్నీ అయ్యాయి. కానీ తుమ్మితే చాలు, పిర్ర దగ్గర మొదలై పాదం దాకా కరెంటు పాకేది. ఎడమ చెప్పు నడుస్తూ నడుస్తూ ఊడిపోయేది, ఊడిన సంగతి నాకు తెలిసేది కాదు. ఒకసారి ఒంటిచెప్పుతో థియేటర్ మెట్లెక్కితే, వాచ్‌మన్ రెండోది పట్టుకుని వెనకాలే వచ్చాడు. చెప్పులు వదులయ్యాయనుకుని కొత్త జత కొన్నాను.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు మూలగడంతో వచ్చింది. మూలగాలంటే పొట్ట బిగించాలి. బిగిస్తే కాల్లో మంట. అసలు నొప్పి పుట్టినప్పుడు గొంతు పెగలదని అప్పుడే తెలిసింది. మైకు ముందు నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. హీరోకి గొంతు బాగాలేకపోతే సినిమా ఆగుతుంది. హీరో చేతిలో దెబ్బలు తినేవాడి గొంతు కోసం ఎవరాగుతారు? మూలుగు పోతే ఈ ఊళ్లో నాకు ఇంకో పని లేదు. చాలా భయం వేసింది.

అత్తగారు వచ్చి చూసి తేల్చేసింది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు, అంటే తల కాకుండా కాళ్లు ముందుగా బయటికొచ్చినవాళ్లు, నడుము మీద తన్నాలట. మా గోదావరి వైపూ ఇదే మాట. రాష్ట్రాలు విడిపోయాయి కానీ ఈ వైద్యం విడిపోలేదు. అయితే ఆపరేషన్ల కాలంలో అలాంటి మనిషిని ఎక్కడని వెతుకుతాం? ఆ ఆలోచనలో ఉండగానే, మా టైల్స్ మిత్రుడు నన్ను పలకరించడానికి సంచీడు బత్తాయిలతో వచ్చాడు. అత్తగారు అతన్ని కూర్చోనివ్వనైనా లేదు.

"బిడ్డా, నువ్వు ఎట్ల పుట్టినవ్?"

అతను నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. పాపం, వాళ్లమ్మకు ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఫోన్ పెట్టేసేటప్పటికి అతని ముఖం అవార్డు వచ్చినవాడిలా వెలిగిపోతోంది. కాళ్లతోనే పుట్టాడట.

నన్ను చాప మీద బోర్లా పడుకోబెట్టారు. పెద్దవాణ్ణి తన్నడం పాపమని అతను ముందు నాకు దండం పెట్టుకున్నాడు. నడుము నుంచి మొదలుపెట్టి కిందికి దిగాలని అత్తగారు దగ్గరుండి చెబుతోంది. నడుము మీద పాదం మెల్లగా ఆనించాడు. తర్వాత తొడ మీద, పిక్క మీద. అక్కడితో ఆగిపోయాడు. కాసేపు చూశాను.

"పాదం మీద కూడా కానిచ్చెయ్," అన్నాను.

"అయిపోయిందన్నా. రెండుసార్లు తన్నిన. గట్టిగనే."

అత్తగారు వంగి నా ఎడమ కాలి బొటనవేలు గిల్లింది. మెడ తిప్పి చూస్తే గిల్లడం కనిపిస్తోంది కానీ తెలియడం లేదు.

"లే అల్లుడా, దవాఖానకు పోదాం. గిది తంతె పొయ్యేది కాదు," అంది.

స్కాన్‌లో, నడుము ఎముకల మధ్య మెత్తగా ఉండే డిస్క్ ఒకటి జరిగి నరాన్ని నొక్కుతోందని తేలింది. ఉత్త పట్టేయడమైతే నొప్పి నడుములోనే ఉంటుందని, కాల్లోకి దిగి తిమ్మిరెక్కి చెప్పు జారిపోతుంటే నరం మీద అనుమానపడాలని డాక్టరు గారు మందలించారు. తన్నుల సంగతి విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కోత ఇప్పుడే వద్దన్నారు. పాదం ఇంకా బలహీనపడినా, ఒంటికీ రెంటికీ తేడా వచ్చినా పరుగున రమ్మన్నారు. పడుకుని ఉండకుండా చదునైన చోట నడవమన్నారు. ఈ జూబ్లీహిల్స్ చుట్టుపక్కల చదునైన చోటు ఎక్కడుంది? ఎక్కడైనా ఎక్కుడో దిగుడో. మా టైల్స్ మిత్రుడు తన గోడౌన్ ఖాళీ చేయించి, రోజూ అందులో నన్ను నడిపించాడు.

నెలలు పట్టింది. ముందు నొప్పి కాలు వదిలి నడుముకి చేరింది, అది మంచి గుర్తేనన్నారు. తర్వాత బొటనవేలికి చీమ కుట్టింది. కుట్టినట్టు తెలిసింది. ఆ చీమను చంపబుద్ధి కాలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం మళ్లీ మైకు ముందు నిలబడ్డాను. తెర మీద హీరో కాలు లేచింది. ప్రాణాలు ఉగ్గబట్టుకుని, పొట్ట బిగించి మూలిగాను. కాల్లోకి ఏమీ దిగలేదు.

"బాగాలేదండీ. ఎక్కడా నొప్పి తెలియట్లేదు," అన్నాడు అద్దం వెనకనుంచి సౌండ్ ఇంజనీరు.

"అవునండీ, ఎక్కడా తెలియట్లేదు," అన్నాను. ఆపుకోలేక భోరుమన్నాను.

"ఆఁ, ఇది బాగుంది. ఇదే ఉంచేద్దాం," అన్నాడు ఆయన.