మా నాయన చెప్పిన రెండు సాక్ష్యాలు

మా నాయన మార్కాపురం దగ్గర పలకరాయి గనిలో పనిచేసేవాడు. ఇంటికి వచ్చేసరికి కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ము ఉండేది. మా పల్లెలో సగంమంది మగవాళ్లది అదే పని. గని మేస్త్రీయే మా చర్చికి సంఘపెద్ద. వారమంతా పనిలోకి పిలిచేదీ ఆయనే, ఆదివారం ప్రార్థన నడిపేదీ ఆయనే.

ఆరాధనలో సాక్ష్యాల వేళ అని ఒకటుండేది. ఎవరైనా లేచి మనసులో ఉన్నది చెప్పుకోవచ్చు. జ్వరం తగ్గిందనో, తప్పిపోయిన మేక దొరికిందనో చెప్పేవాళ్లు. చెప్పడం అయ్యాక అందరూ ఆమెన్ అనాలి. ఏం చెప్పినా అనాలి, అది మర్యాద.

ఆ ఏడాది గనిలో పనిచేసే మూడో మనిషి దగ్గి దగ్గి చచ్చిపోయాడు. అతన్ని పూడ్చిన మరుసటి ఆదివారం మా నాయన లేచాడు.

"దేవుడు పిలుచుకున్నాడని ముగ్గురికీ పాట పాడి పూడ్చినాం. దేవుడెందుకు పిలుస్తాడయ్యా? వాళ్లను చంపింది ఆ రాతిదుమ్ము. మూతికి గుడ్డలు, దుమ్ము మీద చల్లేదానికి నీళ్లు ఇమ్మని ఎవరూ అడగరేంది? నేను అడుగుతుండా."

ఒక్కరూ ఆమెన్ అనలేదు. చనిపోయినవాడి భార్య మా అమ్మ పక్కనే కూర్చుని ఉంది. ఆమె కూడా నోట్లో కొంగు కుక్కుకుని తల దించుకుంది.

"దేవుని చిత్తాన్నే తప్పుపడుతుండాడు, విన్నారు గదా" అన్నాడు సంఘపెద్ద. గని మాట ఎత్తనే లేదు. ఆ తెలివి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మర్నాటి నుంచి నాయనకు పని లేదు. అది ఊహించిందే. మావాళ్లు చేసిందే ఊహించలేదు. బావి దగ్గర నిండిన కడవను అమ్మ నెత్తికెత్తడానికి ఒక్క చెయ్యి సాయం రాలేదు. సగం నీళ్లు ఒలకబోసి, చంకన పెట్టుకుని తెచ్చేది. అన్నా, మామా అని నోరారా పిలిచినవాళ్లే నాయన ఎదురైతే మొహం తిప్పుకునేవాళ్లు. సిగ్గులేని జనం! వాళ్లూ దగ్గుతూనే ఉండేవాళ్లు.

నాకు అయిదో తరగతి అయిపోయింది. మిషను దొరసాని నడిపే బోర్డింగు బడిలో చేరాలని ఆశ. సంఘపెద్ద చీటీ రాసిస్తే తప్ప అక్కడ చేర్చుకోరు. చీటీ కోసం నాయన నన్ను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాడు.

"నీ బిడ్డ చదువుకు నేనెందుకు అడ్డం పడతా తమ్ముడూ?" అని నవ్వాడాయన. "ఆదివారం లేచి, తప్పు మాట్లాడినానని ఒక్క మాట చెప్పు. చాలు."

తిరిగి వస్తూ నాయన దారిలో ఆగాడు. "ఏం చేయమంటావో నువ్వే చెప్పమ్మా."

"నేను బడికి పోతా నాయనా" అన్నాను.

ఆ ఆదివారం నాయన లేచాడు. "వాళ్లను దేవుడే పిలుచుకున్నాడు. నేను తప్పు మాట్లాడినా" అన్నాడు. ఆ రెండు మాటల మధ్యా దగ్గాడు.

చర్చి మారుమోగేలా ఆమెన్ అన్నారు. నిజానికి పెగలని గొంతులు అబద్ధానికి ఎంత బాగా లేచాయో! చనిపోయినవాడి భార్య కూడా అంది. వాళ్లందర్నీ ఇన్నేళ్లుగా తిట్టుకుంటూనే ఉన్నాను. కానీ చీటీ ఎక్కడ రాకుండా పోతుందోనన్న భయంతో, ఆ రోజు అందరికంటే గట్టిగా అన్నది నేనే. నాయన వెనక్కి తిరిగి నా వైపు చూశాడు.