బందరు ఒడ్డున పన్నెండు చీరలు

"నీ చీరలు గూడా గంజి పెట్టించి సర్దినానే! పెట్టెకు తాళం వేసినాంక రానంటే ఎట్లనే జీవా?"

"రానని ఎవరన్నారక్కా? రాలేనంటాండా. పిల్ల కాన్పుకొచ్చి నాలుగు దినాలు కాలేదు. దాన్ని యాడ పెట్టి వచ్చేది?"

"కాన్పు వచ్చే నెల కదా. మనం పోయేది పది దినాలు."

"ముందే నొప్పులొస్తే? బందరు నుంచి ఎగురుకుంటా వస్తావా నువ్వు?"

"పోయినేడు మీ అత్తకు కాలిరిగె. అంతకు ముందటేడు వంటింటి గోడ కూలె. ఈ యేడు ప్రసన్నకుమారి కాన్పు. నాకు తెలీక అడుగుతా, వచ్చే యేటికి ఏం దాచి పెట్టినావు? వచ్చే యేడు బంగళా ఉండదే. అమ్మేస్తాండారు. ఇదే ఆఖరు."

"నీకేమక్కా, ఎన్నన్నా అంటావు. ఒంటిదానివి. పెట్టె చేతికి తీసుకుంటే అయిపాయె. నాకట్ల కుదురుతాదా?"

జీవమ్మ ఇంట్లో ఎవరో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినబడింది.

మా ఇంటికీ జీవమ్మ టీచరు ఇంటికీ మధ్య నడుమెత్తు మట్టిగోడ ఒకటే. ఆళ్లగడ్డలో ఆ వీధివాళ్ళ కొట్లాటలు వినడానికి చెవులు రిక్కించనక్కర్లేదు, మంచం మీద పడుకుంటే చాలు. నేను పడుకునే ఉన్నాను. 1957 మే నెల. అనంతపురంలో కాలేజీ చదువు మధ్యలో వదిలేసి వచ్చి ఎనిమిది నెలలయింది. పని లేదు, చేద్దామన్న ఆశా లేదు.

కొట్లాడుతున్న ఇద్దరూ నాకు మూడో తరగతిలో చదువు చెప్పినవాళ్ళే. దెబోరా టీచరు లెక్కలు, జీవమ్మ టీచరు తెలుగు. ఇద్దరూ ఒకే యేడు ఆళ్లగడ్డ మిషన్ బడిలో చేరారు. తొమ్మిదేళ్ళు ఒకే గది, ఒకే పొయ్యి. ఆ రోజుల్లోనే, ఎప్పటికైనా ఇద్దరం కలిసి సముద్రం చూడాలని అనుకున్నారట. తర్వాత జీవమ్మకు దేవరాజుతో పెళ్ళయింది, ఇల్లూ పిల్లలూ అయ్యారు. దెబోరాకు నంద్యాల ఆడపిల్లల బడికి బదిలీ అయింది. పెళ్ళి చేసుకోలేదు. బడి కాంపౌండులోనే గది. నెలకొక శనివారం శిరివెళ్ల మీదుగా బస్సులో వచ్చి, జీవమ్మ దగ్గర భోంచేసి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేది. ఆమెకప్పుడు నలభై ఎనిమిదేళ్ళు.

బందరు దగ్గర సముద్రం ఒడ్డున మిషన్ వాళ్ళదొక పాత బంగళా ఉంది. వేసవి సెలవుల్లో టీచర్లు ఉత్తరం రాసుకుంటే పది రోజులు ఉండనిస్తారు. ఆడమనిషిని ఒక్కదాన్ని మాత్రం ఉండనివ్వరు. అందుకే ఆరేళ్ళుగా దెబోరా ఉత్తరం రాయడం, జీవమ్మ ఆగిపోవడం, ఈమె కూడా ఆగిపోవడం.

గోడ మీద నుంచి దెబోరా టీచరు తల కనబడింది.

"పుల్లయ్యా, మేలుకోనే ఉండావు కదా. విన్నావు కదా. నీకేమన్నా పనుందా?"

"లేదు టీచర్."

"పది దినాలు?"

"పది నెలలు గూడా లేదు."

"అయితే గుడ్డలు సర్దుకో. పాత శిష్యుడని చెప్తా. వరండాలో పండుకుందువు."

మా అమ్మ రామమ్మ వెంటనే ఒప్పుకుంది. "పో నాయనా, ఆ మంచమన్నా రొంత ఊపిరి పీల్చుకుంటాది" అంది. నేను రెండు చొక్కాలు, ఒక పంచె చేతిసంచిలో కుక్కాను. నా సర్దుడు అంతే.

టీచరమ్మ సర్దుడు నంద్యాలలో ఆమె గదిలో చూశాను. ఎప్పుడో వెళ్ళిపోయిన దొరసాని వదిలేసిన ఇంగ్లీషు పత్రికలో ఒక బొమ్మ ఉంది. సముద్రం ఒడ్డున ఒక తెల్ల ఆడమనిషి, నల్లకళ్ళద్దాలు, తెల్లబూట్లు, పక్కన బుట్ట. ఆ బొమ్మ చూసి ఈమె ఆరేళ్ళు సామాను కూడబెట్టింది. తెల్ల కాన్వాసు బూట్లు, నల్లకళ్ళద్దాలు, కుచ్చుల గొడుగు, ఫ్లాస్కు, వెదురుబుట్ట. తోలుపెట్టె అడుగున రంగు కాగితం పరిచి, దాని మీద చీరలు. లేతనీలం రెండు, నిమ్మపండు రంగు రెండు, గులాబి రెండు, అలా ఆరు రంగులు, పన్నెండు చీరలు. ఒక్కో రంగులో ఒకటి ఈమెది, ఒకటి జీవమ్మది. ఇద్దరూ రోజుకొక రంగు జోడుగా కట్టుకుని ఒడ్డున నడవాలని. చాకలి శాంతయ్య చేత చిక్కటి గంజి పెట్టించి, బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేయించింది. నంద్యాల ఎండకు ఆ గంజి అట్టలా బిగుసుకుంది. చీర తీసి నిలబెడితే నిలబడేటట్టుంది.

"జీవమ్మ టీచరు రాలేదు కదా, ఆ ఆరూ తీసేయండి. బరువు" అన్నాను.

ఆ చీరల మడతలు చేత్తో సవరించింది. "మోసేది నువ్వే కదా. మొయ్యి" అని మూత వేసింది.

నల్లమల దాటి, గుంటూరు దాటి, బెజవాడలో బండి మారి, బందరులో జట్కా ఎక్కి బంగళా చేరాం. సముద్రం చూసి నాకు ఒళ్ళు పులకరించిందని అబద్ధం చెప్పను. బూడిదరంగు నీళ్ళు, చప్పుడు. దెబోరా టీచరు మాత్రం ఆ సాయంత్రమే లేతనీలం చీర కట్టి, బూట్లు తొడిగి, కళ్ళద్దాలు పెట్టి, గొడుగు వేసుకుని అచ్చం ఆ బొమ్మలోలాగా ఒడ్డున నిలబడింది. నాలుగు నిమిషాలు నిలబడి గడియారం చూసుకుంది.

మర్నాటి నుంచి టైంటేబులు. అయిదింటికి లేవడం, ప్రార్థన, ఏడు నుంచి ఎనిమిది దాకా సముద్రం, ఎనిమిదికి ఉప్మా. ఎనిమిది కొట్టగానే సముద్రానికి వీపు తిప్పి వచ్చేసేది, గంట మోగినట్టు. ఎవరి కోసం ఇదంతా అని అడగబోయి మానుకున్నాను. నడిచేటప్పుడు ఎడమ పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నడిచేది. నేను ఆ చోటులోకి వెళితే అడుగు వెనక్కి వేసేది.

మూడో రోజు పొద్దున లోపలి నుంచి కేక.

"పుల్లయ్యా! ఇదేందిది, చీరలకు జబ్బు చేసె!"

గంజి చెమ్మ తాగింది. మా వైపు గాలిలో నెల రోజులైనా చెక్కుచెదరని మడతలు ఇక్కడ ఉప్పుగాలికి జిగురు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. లాగితే జీడిపాకంలా సాగుతున్నాయి. పులిసిన వాసన. కట్టుకున్న గులాబి చీర కాళ్ళకు చుట్టుకుని ఆమెను అడుగు వెయ్యనివ్వడం లేదు. ఎండ తప్ప చెమ్మ ఎరగని మాబోటి వాళ్ళు చేసే తప్పే అది.

చేపలు తెచ్చే ఆదెమ్మ చూసి నవ్వాపుకోలేక గంప దించింది. "సముద్రానికి గంజి పెట్టుకొచ్చారేంటండీ అమ్మగారూ! ఇక్కడ మేం మనుషులమే నిలబడలేక మెత్తబడిపోతాం, చీరలు నిలబడతాయా?"

టీచరమ్మ కూడా నవ్వింది. అక్కడికి వచ్చాక అదే మొదటిసారి. బావి దగ్గర ముగ్గురం కలిసి పన్నెండు చీరలూ ఉతికాం. వరండా పొడుగునా తాడు కట్టి, ఏ రంగుకు ఆ రంగు జోడుగా ఆరేస్తూ వచ్చాం. గాలికి ఎగిరితే బాగానే ఉంది చూడ్డానికి.

ఆదెమ్మ వాటిని చూసి, లోపలి గది వైపు చూసింది.

"రెండో అమ్మగారు బయటికే రారేంటండీ? ఒంట్లో బాగోలేదా?"

టీచరమ్మ నోరు తెరిచేలోపల నేను అనేశాను. "రెండో ఆమె ఎవరూ లేరు. రాలేదు. ఈమె ఒక్కతే."

ఉన్న మాటే. కానీ టీచరమ్మ చేతిలోని చీర తాడు మీద వెయ్యకుండానే బకెట్టులో పడేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం సముద్రానికీ రాలేదు. నేను వరండాలో కూర్చుని బకెట్టులో మిగిలిన చీర చూస్తూ ఉన్నాను. చివరికి నేనే పిండి ఆరేశాను.

మర్నాడు నేను లేచేసరికి ఆమె గది ఖాళీ. బూట్లు గుమ్మంలోనే ఉన్నాయి. గొడుగు, కళ్ళద్దాలు, గడియారం కూడా. ఒడ్డుకు వెళ్ళి చూస్తే, ముడతలు పడిన నిమ్మపండు రంగు చీరలో తడి ఇసుక మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. అల వచ్చి నడుము దాకా తడిపి వెళుతున్నా కదల్లేదు. జుట్టు విప్పుకుంది. ఎనిమిదయింది, తొమ్మిదయింది, లేవలేదు. నేను పది గజాలు వెనక కూర్చున్నాను.

ఒక చిన్న ఎండ్రకాయ ఇసుకలోంచి లేచి ఆమె మడమ పక్క నుంచి పక్కవాటుగా పరుగెత్తింది.

"జీవా, ఇట్ల చూడే!" అంది, ఎడమ పక్కకు తిరిగి.

అక్కడ ఎవరూ లేరు. కాసేపు అటే చూసి మళ్ళీ నీళ్ళ వైపు తిరిగింది. నేను విన్నట్టు ఆమెకు తెలుసో లేదో ఈనాటికీ అడగలేదు.

మిగిలిన ఆరు రోజులూ టైంటేబులు లేదు. మధ్యాహ్నం నిద్రపోయేది. ముప్పై ఏళ్ళలో పగటినిద్ర ఎరగనంది. ఆదెమ్మ కాల్చిచ్చిన చేపను వేళ్ళు నాకుతూ తినేది. ఒక సాయంత్రం ఒంటరిగా అలల్లో నిలబడి, బడిలో పిల్లలకు నేర్పే కీర్తన గొంతెత్తి పాడింది. పాట బాగాలేదు. మనిషి బాగుంది. నాకప్పుడు అసూయ కూడా కలిగింది, నిజం చెప్పాలంటే. నాకు ఏదీ అంత నచ్చలేదు ఎప్పుడూ.

తిరుగు ప్రయాణంలో నల్లమల సొరంగాలు వచ్చేదాకా ఆమె రైలు కిటికీలోంచి వెనక్కే చూస్తూ కూర్చుంది. నంద్యాలలో దిగాక తోలుపెట్టె గదిలో పెట్టించి, నాతోబాటు బస్సుస్టాండు దాకా నడిచి వచ్చింది. అవసరం లేదన్నా వినలేదు. ఆళ్లగడ్డ బస్సు ఇంజను తిప్పుతున్నారు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. ఆమె కింద నిలబడి కిటికీ కమ్మీ పట్టుకుంది. ముఖం ఎండకు నల్లబడి, ముక్కు మీద తోలు లేచిపోతోంది.

"జీవ గోడకాడ నిలబడుకోని ఉంటాది. నువ్వు సంచి దించకముందే అడుగుతాది."

"అడిగితే చెప్తా. బాగుందని. మీరు అంత సంతోషంగా ఉండేది నేనెప్పుడూ చూళ్ళేదని."

"అదే వద్దంటాండా." కమ్మీ గట్టిగా పట్టుకుంది. "బంగళా అమ్ముడుపాయె. జీవ ఇంక ఏ జన్మకు పోతాది సముద్రానికి? బాగుందంటే రాలేకపోతినే అని ఏడుస్తాది. ఏడ్చి, నాకు మొగం చూపీలేక మాట్లాడేది మానేస్తాది. అది మాట్లాడకపోతే నాకు ఇంగ శనివారాలు యాడివి పుల్లయ్యా?"

"మరేం చెప్పమంటారు?"

"ఉన్నది ఉన్నట్టు అనేది నీకలవాటు, తెల్సు. ఈ ఒక్కసారి నా కోసం మానుకో. ఉక్కపోత, ఈగలు, చేపల కంపు, టీచరుకు రెండో దినానికే విసుగుపుట్టె అను. సముద్రం ఏముందిలే, ఒట్టి నీళ్ళే అని చెప్పు నాయనా."